మోకాలి నొప్పి, శరీరపు బరువు, శస్త్రచికిత్స

నడచిన మోకాలు నొచ్చును. నడవకున్న శరీరము బరువెక్కును. బరువెక్కినకొలది నొప్పి హెచ్చును. కీళ్లు అరిగినవారు పెక్కుమంది ఈ చక్రములో చిక్కుకొని, శస్త్రచికిత్స ఒక్కటే శరణ్యమని తలంతురు. అంతకుముందే చేయదగినది కొంత గలదు.

స్థూలకాయులైన వృద్ధులపై అమెరికాలో జరిగి, 2005లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, శరీరము 1 కిలో తగ్గినచో మోకాలిపై అడుగడుగునకు పడు భారము సుమారు 4 కిలోలు తగ్గునని తేలినది. ఆ లెక్కన 80 కిలోలు తూగు గృహిణి 8 కిలోలు తగ్గినచో, అడుగుకు సుమారు 32 కిలోల భారము తప్పును. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగదు. కాని నొప్పి చాలమందికి తగ్గును.

ఇందుకు పస్తులుండరాదు. పస్తులవలన కండలు క్షీణించును. మోకాలికి దన్నుగా నిలుచునవి తొడకండరములే. అన్నము, నూనె, తీపి తగ్గించి, పప్పు, కూరగాయలు, మజ్జిగ తగినంత తీసికొనవలెను. కుర్చీలో కూర్చుండి, ఒక కాలు ముందుకు చాచి, 5 లెక్కించువరకు నిలిపి, మెల్లగా దించవలెను. ఇట్లు ఒక్కొక్క కాలితో 10 మారులు చేయవలెను. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగరాదు. అవి జీర్ణకోశమునకు, మూత్రపిండములకు హాని చేయగలవు.

ఇంత చేసినను నొప్పిచే రాత్రి నిద్రపట్టకున్నచో, నాలుగడుగులు వేయుట దుర్భరమైనచో, శస్త్రచికిత్సను గూర్చి వైద్యునితో సంప్రదింపవలెను. బరువు కోరినంత తగ్గలేదని సిగ్గుపడి ఇంట కూర్చుండరాదు. అంతవరకు చేసిన సాధన వృథా కాదు. బలపడిన తొడకండరములే శస్త్రచికిత్స పిమ్మట రోగిని లేపి నడిపించును.