స్పానిష్‌లో రెండు భూతకాలాలు

గడిచిన సంగతి చెప్పడానికి స్పానిష్‌లో ప్రధానంగా రెండు రూపాలున్నాయి. మొదలై ముగిసిపోయిన పనికి ప్రెతేరితొ. అప్పట్లో సాగుతూ ఉన్న పనికి, అలవాటుకు, కథకు నేపథ్యంగా నిలిచే స్థితికి ఇంపెర్ఫేక్తొ. తెలుగులో ‘పాడింది’ అనే చోట మొదటిది వస్తుంది. ‘రోజూ పాడేది’, ‘అప్పుడు పాడుతోంది’ అనే రెండింటికీ ఇంపెర్ఫేక్తొ ఒక్కటే సరిపోతుంది.

ఒకే సన్నివేశంలో క్రియారూపం మారితే కథే మారిపోతుంది. ‘హువాన్ వచ్చినప్పుడు ఆనా కంతాబ’ అంటే అతను వచ్చేసరికే ఆమె పాడుతోంది. అదే వాక్యంలో ‘కంతో’ అంటే అతను వచ్చాక పాట అందుకుందని అర్థం.

కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఎక్కువగా వ్యవధి దగ్గర. చాలాకాలం సాగింది కాబట్టి ఇంపెర్ఫేక్తొ వాడాలనుకుంటారు. నిజానికి ‘పదేళ్లు మాడ్రిడ్‌లో ఉన్నాను’ అనడానికి ప్రెతేరితొ రూపమైన ‘బిబీ’యే కావాలి. ఎంతకాలమో లెక్క తేలింది, ఆ పదేళ్లూ ముగిశాయి. ‘చిన్నప్పుడు మాడ్రిడ్‌లో ఉండేవాణ్ణి’ అన్నప్పుడు హద్దు చెప్పలేదు కాబట్టి ‘బిబీయ’. పని పొడవు కాదు, దాని ముగింపును చూపుతున్నామా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి.

ఇక రూపాల తయారీ. క్రియలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు అంత్యాలతో ఉంటాయి. వాటిని తీసేసి కొత్త ప్రత్యయం చేర్చాలి. దీర్ఘమున్న చోట ఒత్తి పలకాలి. కంతార్ (పాడు) ప్రెతేరితొలో వరుసగా నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లకు: కంతే, కంతాస్తె, కంతో, కంతామొస్, కంతాస్తెయిస్, కంతారొన్. కొమేర్ (తిను): కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమీస్తెయిస్, కొమ్యేరొన్. ఈర్ క్రియలదీ ఇదే బాట. తెలుగులోలా స్త్రీ పురుష భేదం లేదు. పాడినవాడికైనా పాడినామెకైనా ‘కంతో’యే.

ఒత్తు తప్పితే కాలమే మారుతుంది: ‘కంతో’ అంటే పాడాడు, ‘కాంతొ’ అంటే నేను పాడతాను. రాతలో ఆ తేడాను చూపేది చివరి అచ్చు మీది చిన్న గీత ఒక్కటే. బుస్కార్ (వెతుకు) వంటి క్రియలకు ‘నేను’ రూపంలో స్పెల్లింగ్ మారుతుంది గానీ ‘బుస్కే’ అన్న పలుకు నియమం దాటదు.

ఇంపెర్ఫేక్తొ ఇంకా తేలిక. ఆర్ క్రియలకు కంతాబ, కంతాబస్, కంతాబ, కంతాబమొస్, కంతాబయిస్, కంతాబన్. మిగతావాటికి కొమీయ, కొమీయస్ తరహా. మొత్తం భాషలో ఈ రూపానికి లొంగని క్రియలు మూడే: సేర్ (అగు), ఈర్ (వెళ్లు), బేర్ (చూడు).

‘కంతామొస్’ మాత్రం వర్తమానానికీ ప్రెతేరితొకూ ఒకటే. ‘నిన్న’ వంటి మాటో, సందర్భమో ఉంటే గానీ అది ఏ కాలమో తేలదు. ఈర్ క్రియలదీ ఇదే చిక్కు. ఏర్ క్రియల్లో ‘కొమేమొస్’ తింటాం, ‘కొమీమొస్’ తిన్నాం అని వేరుగా ఉంటాయి.

ప్రాంతభేదమూ ఉంది. ‘ఇవాళ తిన్నాను’ అనడానికి స్పెయిన్‌లో చాలాచోట్ల ‘ఎ కొమీదొ’ అనే సంయుక్త రూపం వాడతారు. లాటిన్ అమెరికాలో ఎక్కువమంది ‘కొమీ’తోనే సరిపెడతారు.