చేదు పానీయం

జిన్ అండ్ టానిక్ అనగానే మన ఇళ్లలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. అందులోని చేదు మాత్రం మనకు పరాయిది కాదు. అది సింకోనా బెరడులోని క్వినైనుది; ఆ చెట్లను 1860 ప్రాంతాలలో నీలగిరులలో నాటారు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూచినది 1897లో, సికింద్రాబాదులో.

పొడుగాటి గ్లాసునిండా మంచుముక్కలు వేసి, ఒక పాలు జిన్, మూడు పాళ్లు చల్లని టానిక్ పోయండి. టానిక్‌ను గ్లాసు అంచువెంట మెల్లగా వంచాలి. లేకుంటే గ్యాసు పోతుంది. ఒక్కసారే కలిపి, నిమ్మచెక్క పిండండి. మంచు దగ్గర పిసినారితనం పనికిరాదు. తక్కువైతే త్వరగా కరిగి, రుచి నీళ్లపాలవుతుంది.

మద్యం పుచ్చుకోనివారు జిన్ మానివేయవచ్చు. నామటుకు అదే మేలు. కాని నేటి టానిక్‌లో క్వినైను బహు స్వల్పం. జ్వరమొస్తే డాక్టరు దగ్గరకే వెళ్లాలి. గర్భిణులు, క్వినైను పడనివారు దీని జోలికి పోరాదు.