స్పోర్ట్సు కారునకు చేతిగేర్లు అమర్చుట

తనంతట తానే గేర్లు మార్చుకొను స్పోర్ట్సు కారును, డ్రైవరు చేతితో గేర్లు మార్చు కారుగా చేయవచ్చునా యని మా పైతరగతుల విద్యార్థులు ఈ సంవత్సరము మమ్ము పలుమార్లు అడిగిరి. సీతమ్మధార నుండి బీచి రోడ్డునకు పోవు దారులలో అట్టి కారులు అప్పుడప్పుడు కనబడుచుండుటయే ఈ కుతూహలమునకు కారణమై యుండును. చేయవచ్చును, లోకములో పలువురు చేయుచునే యున్నారు. కాని ఆ పనిలో ఏమేమి మార్చవలెనో, ఎచ్చట ప్రాణాపాయము పొంచియుండునో, మన దేశపు చట్టమేమనునో తెలిసికొనక పూనుకొనుట తగదు. సంపాదనకు వచ్చిన కుమారులు గల తల్లిదండ్రులును దీనిని చదువుదురుగాక యని కోరుచున్నాము.

మొదట గేర్లెందుకో చూతము. పెట్రోలు ఇంజను మిక్కిలి మెల్లగా తిరుగునప్పుడు బలము చాలక ఆగిపోవును. కావున కారు కదలునప్పుడు ఇంజను వేగముగను, చక్రములు మెల్లగను తిరుగవలెను. ఎత్తెక్కునప్పుడు సైకిలు త్రొక్కువాడు వెనుక పెద్ద పళ్లచక్రమునకు గొలుసు మార్చుకొనుటయు ఇట్టిదే. గేరు మార్చు క్షణమున ఇంజనును గేరుపెట్టె నుండి విడదీయవలెను గదా! చేతిగేర్ల కారులో ఈ పనిని ఎడమకాలి క్రింది క్లచ్చి చేయును. ఇంజనుతో తిరుగు బరువైన ఫ్లైవీలునకు ఒక పలక స్ప్రింగుల బలముచే అదుముకొని యుండును. పెడలు త్రొక్కినచో ఎడబాయును.

ఆటోమేటిక్కు కారులో ఆ పెడలు లేదు. రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలి తగిలి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు నూనెను, పంకాలకు బదులు రెక్కలుగల రెండు గిన్నెలను ఊహింపుడు. వాని నడుమ మూడవ రెక్కలచక్రమొకటి నూనెను తగిన దిక్కునకు మరల్చి, కారు కదలునప్పుడు మెలిపెట్టు బలమును ఇనుమడింపజేయును. దీనిని టార్కు కన్వర్టరందురు. 1939లో అమెరికాలో ఓల్డ్సుమొబీలు వారు అమ్మకమునకు తెచ్చిన హైడ్రామాటిక్కులో నూనె గిన్నెలున్నను ఈ మూడవ చక్రము లేదు. 1948లో బ్యూకు వారి డైనాఫ్లోలో అది వచ్చినది.

ఇక్కడ ఒక భేదమును మరువరాదు. రెండు పెడళ్లుగల కారులన్నియు ఒక్క జాతివి కావు. 2014లో మన దేశమున వెలువడిన మారుతీ సెలేరియోలోని ఏ.ఎం.టి. నిజమునకు చేతిగేర్ల పెట్టెయే. క్లచ్చిని, మీటను మనిషికి బదులు యంత్రము కదల్చును. ఫెరారీ వారు 1997లో ఎఫ్355 కారునకిచ్చిన ఎఫ్1 పద్ధతియు ఇట్టిదే. అందువలననే తరువాతి ఫెరారీలను కొందరు చేతిమీటకు మార్చుకొనుచున్నారు. లోపలి పళ్లచక్రములు అప్పటికే యున్నవి గనుక వానిని కదల్చు ఏర్పాటును మార్చుటయే అందు ముఖ్యమైన పని. టార్కు కన్వర్టరు గల కారులో అట్లు కాదు, గేరుపెట్టెనే మార్చవలెను. 1966లో వచ్చిన జాగ్వారు ఈటైపు నలుగురు కూర్చుండు కారునకు ఆటోమేటిక్కు పెట్టెయు లభించెడిది. వానిలో పెక్కింటిని తరువాతివారు చేతిగేర్లకు మార్చిరి. జపానువారి 1993 నాటి సుప్రాకును ఇదే గతి పట్టినది. 2019లో ఆ పేరుతో మరల వచ్చిన కారు కేవలము ఆటోమేటిక్కుగనే యుండగా, అభిమానుల కోరిక మన్నించి తయారీదారులే 2022లో చేతిగేర్లను ప్రకటించిరి.

ఇందువలన కారు వేగము హెచ్చునా? హెచ్చదు. నేటి మంచి ఆటోమేటిక్కు పెట్టె మనిషి చేతికంటె శీఘ్రముగ గేరు మార్చును. పాత పెట్టె చెడి, దాని భాగములు దొరకనివాడు చేయు మార్పునకు అర్థము కలదు. తన చేతితో నడపుట యందలి ఆనందమునకై చేయువానిని కూడ మేము నిందింపము. పందెములో గెలుతునని చేయువాడు మాత్రము డబ్బు పారవైచుకొన్నట్లే.

ఇక పని. అదే కారును తయారీదారులు చేతిగేర్లతో కూడ అమ్మియున్నచో సగము కష్టము తీరినట్లే. భాగములన్నియు ఒక పాడైన కారు నుండి తీసికొనవచ్చును. ఆటోమేటిక్కు కారులో బ్రేకు పెడలు వెడల్పుగా నుండును గనుక దానిని తీసి, ఇరుకైన బ్రేకు పెడలును, క్లచ్చి పెడలును అమర్చవలెను. క్లచ్చికి నూనె నెట్టు సిలిండర్లు రెండును, వాని నడుమ గొట్టమును కావలెను. ఇంజను చివర పలుచని రేకుపళ్లెమును తీసి ఫ్లైవీలు బిగింపవలెను. రేకునకు వాడిన బోల్టులు పొట్టివి. వానితోనే బరువైన ఫ్లైవీలును బిగించుట ప్రాణముతో చెలగాటమని గట్టిగా చెప్పుచున్నాము. నిమిషమునకు 6000 మారులు తిరుగు ఇనుపచక్రము ఊడినచో కాళ్ల చెంతనే గదా పగులునది! క్రాంకుషాఫ్టు చివర చిన్న బేరింగొకటి కూర్చుండవలసియుండును; కొన్ని ఆటోమేటిక్కు ఇంజనులలో దానికి తగిన రంధ్రమే చెక్కియుండరు. కొత్త పెట్టె పొడవు వేరగుటచే దానిని మోయు అడ్డకమ్మియు, వెనుక చక్రములకు పోవు షాఫ్టును మార్చవలసి వచ్చును. పాత పెట్టె నూనెను చల్లబరచుటకు రేడియేటరునకు పోయిన గొట్టములను తీసివేయుదురు.

గణితమును మరువకుడు. ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగుచున్నదనుకొందము. గేరుపెట్టె ఆ వేగమును మూడవ వంతునకును, ఇరుసు నడిమి పళ్లచక్రములు మరల నాలుగవ వంతునకును తగ్గించినచో, చక్రము 250 మారులు తిరుగును. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లయినచో నిమిషమునకు 500 మీటర్లు, గంటకు 30 కిలోమీటర్లు. ఇరుసు నిష్పత్తి నాలుగునకు బదులు మూడయినచో అదే ఇంజను వేగమునకు కారు 40 కిలోమీటర్లు పోవును. కాని ఎత్తెక్కు బలము తగ్గును. ఆటోమేటిక్కు కారునకును చేతిగేర్ల కారునకును తయారీదారులు వేర్వేరు ఇరుసు నిష్పత్తుల నిచ్చుట కలదు. పెట్టె మాత్రము మార్చి ఇరుసును విచారింపనివాడు తుదకు రెంటికి చెడ్డ రేవడి యగును.

కొత్త కారులలో మరియొక చిక్కు. ఇంజను కంప్యూటరు గేరుపెట్టె కంప్యూటరును పలుకరించుచుండును. బదులు రానిచో చెడినదని యెంచి ఇంజను బలమును తగ్గించివేయును. దానికి కొత్త సూచనలు వ్రాయించవలెను. ఇంకొకటి, మిక్కిలి ముఖ్యమైనది: ఆటోమేటిక్కు కారు పార్కులోనో న్యూట్రలులోనో ఉన్నగాని స్టార్టు కాకుండ ఒక స్విచ్చి యుండును. పెట్టె తీసినపుడు కొందరు మెకానిక్కులు ఆ తీగలు రెంటిని శాశ్వతముగ కలిపివేయుదురు. అప్పుడు గేరులో నున్న కారు తాళము త్రిప్పగనే ముందుకు దుముకును. ముందు నిలిచినవాడు బిడ్డయైనను దానికి తెలియదు. క్లచ్చి త్రొక్కిననే స్టార్టగు స్విచ్చి నమర్పించి, తండ్రి స్వయముగ పరీక్షించి చూడవలెను.

చట్టమునకు వత్తము. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని తన వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఒక తీర్పులో దీనిని ఖండితముగ పలికినది. కావున రిజిష్టరైన కారుపై పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయమునకును, ఇన్సూరెన్సు కంపెనీకిని వ్రాసి, వ్రాతమూలకముగనే బదులు పొందవలెను. తెలుపని మార్పు గల కారు ప్రమాదమున చిక్కినచో నష్టపరిహారము విషయమై కుటుంబమంతయు వీథిన పడవచ్చును. ఇంగ్లండులో నున్న మన తెలుగువారికి వేరొక నిబంధన: అచ్చట ఆటోమేటిక్కు కారులో పరీక్ష నెగ్గినవాడు ఆ లైసెన్సుతో చేతిగేర్ల కారు నడపరాదు, మరల పరీక్షకు కూర్చుండవలెను.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు దిగునప్పుడు చేతిగేర్లే క్షేమమని బాలురు వాదించుచుందురు. కొంత నిజమే, చిన్న గేరులో ఇంజనే కారును పట్టి నిలుపును, బ్రేకులు కాగవు. అయితే ఆటోమేటిక్కు కారులో కూడ చిన్న గేరులో నిలుపు ఏర్పాటు కలదు. దానిని వాడనివారిదే లోపము. దీనికి విరుద్ధముగ, ఆటోమేటిక్కు పెట్టెలో పార్కునందు ఒక ఇనుప కొక్కెము పళ్లచక్రమును పట్టి కారును కదలనీయదు. చేతిగేర్ల పెట్టెలో అది లేదు. మన ఊరి యేటవాలు వీథులలో మార్చిన కారును నిలుపువాడు చేతిబ్రేకు లాగి, దిగువకు మొగమైనచో రివర్సు గేరు, ఎగువకైనచో మొదటి గేరు వేసి, ముందుచక్రములను రోడ్డు అంచునకు త్రిప్పి దిగవలెను.