ఒక్క దెబ్బకు నాలుగు గోబ్లిన్లు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 స్టార్టర్ సెట్ కథలో మొదటి పోరు నాలుగు గోబ్లిన్లతో. దారి పక్కన మాటు వేసి, బండితో వస్తున్న వీరుల మీద పడతాయి. ఒక్కోదానికి హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 7. బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్లు నాలుగు చింతగింజలు పెట్టుకున్నా పని జరిగిపోతుంది. ఆన్‌లైన్‌లో మాత్రం టోకెన్‌కు, అంటే తెర మీద పాత్రకు గుర్తుగా పెట్టే బొమ్మకు, ముందే కొన్ని అంకెలు ఎక్కించి ఉంచాలి.

ఇలా ఆన్‌లైన్‌లో ఆడుకునే రోల్ 20లో టోకెన్‌కు మూడు పట్టీలుంటాయి. అందులో ఒకదాన్ని క్యారెక్టర్ షీట్‌లోని హిట్ పాయింట్లకు లింక్ చేసి, ఆ టోకెన్‌నే నాలుగుగా కాపీ చేశారనుకోండి. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు నాలుగింటి ప్రాణమూ ఆ ఒక్క గడిలోనే ఉంటుంది. ఒకదానికి 5 దెబ్బ తగిలితే నాలుగింటికీ 2 మిగులుతుంది, ఇంకో 2 తగిలిందా, అన్నీ ఒకేసారి పడిపోతాయి. వీరుడి టోకెన్‌కు లింక్ ఉండాల్సిందే, లేకపోతే ఈ వారం తగిలిన గాయం వచ్చే వారానికి మాయమవుతుంది. మందగా వచ్చే రాక్షసులకు ఉండకూడదు. అలాంటిదే అయిన ఫౌండ్రీలోనూ ఇదే సంగతి, అక్కడ ‘లింక్ యాక్టర్ డేటా’ టిక్కు తీసేస్తే చాలు.

ఆ 7 కూడా సగటే. అసలు లెక్క ఆరు ముఖాల పాచికలు రెండు, అంటే 2 నుంచి 12 దాకా ఎంతైనా రావచ్చు. నాలుగే అయితే విడివిడిగా వేసి రాసుకోవడం బాగుంటుంది, ఏది ఎప్పుడు పడుతుందో ఆటగాళ్లకు అంతుపట్టదు. ఇరవై ఉంటే మాత్రం ఆ చాకిరీ దండగ.

ఇక సైజు. మ్యాప్ మీద ఒక గడి 5 అడుగులు. గోబ్లిన్‌కు ఒక గడి, ఓగర్‌కు 4, పెద్ద ఎర్ర డ్రాగన్‌కు 9. ఇది అందం కోసం కాదు. ఒక గడి టోకెన్ చుట్టూ 8 మంది నిలబడగలరు, ఓగర్ చుట్టూ 12 మంది, డ్రాగన్ చుట్టూ 16 మంది. ఓగర్‌ను ఒకే గడిలో ఇరికించారంటే నలుగురికి చోటు పోయినట్టే. అదే డ్రాగన్ 10 అడుగుల నడవాలోకి వస్తే 2014 నియమాల ప్రకారం ఒదిగి దూరాలి, ఒక్కో అడుగుకు రెండు అడుగుల కదలిక ఖర్చు.

బొమ్మ విషయంలో చాలామందికి ఆశ ఎక్కువ. రోల్ 20లో గడి మామూలుగా 70 పిక్సెళ్లు, డ్రాగన్‌కు 210. జూమ్ కోసం రెట్టింపు చేసినా 420 చాలు. 2000 పిక్సెళ్ల చదరపు బొమ్మ ఫైలుగా చిన్నదే కావచ్చు, బ్రౌజర్‌లో తెరుచుకున్నాక పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1.6 కోట్ల బైట్లు మింగుతుంది. 420ది 7 లక్షలే. గోబ్లిన్లకు నాలుగు బొమ్మలు వెతకడం కన్నా ఒకే బొమ్మకు 1, 2, 3, 4 అని పేర్లు పెట్టడం మేలు. “రెండోదాన్ని కొడతా” అంటే అందరికీ తెలుస్తుంది.

టోకెన్లన్నిటినీ ముందే ఆట నడిపేవారికే కనిపించే జీఎం లేయర్‌లో పెట్టుకుంటే సమయం వచ్చేదాకా ఆటగాళ్లకు కనిపించవు. ఇదే కథలో గోబ్లిన్ల గుహకు నాయకుడు క్లార్గ్ అనే బగ్‌బేర్. వాడి పేరు ఆటగాళ్లకు కనిపించకుండా సెట్టింగ్ మార్చండి, లేకపోతే వాడు నోరు విప్పకముందే వాళ్లు బాణాలు ఎక్కుపెట్టేస్తారు.