చూపు బాగుందని ఊరుకోవద్దు

షుగర్ ఉన్నవారిని కంటి పరీక్షకు వెళ్లమంటే చాలామంది చెప్పే మాట ఒకటే: "నాకు చూపు బాగానే ఉందండీ." మధుమేహం కంటికి చేసే చెరుపు ఎక్కువగా ఆ బాగున్న రోజుల్లోనే మొదలవుతుంది.

కంటి లోపల వెనుక వైపు పరుచుకున్న పలుచని పొర రెటీనా. మనం చూసే ప్రతి దృశ్యమూ దాని మీద పడి, నరం ద్వారా మెదడుకు చేరుతుంది. ఆ పొరకు రక్తం అందించేవి వెంట్రుక కన్నా సన్నని నాళాలు. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి, అక్కడక్కడ బుడిపెల్లా ఉబ్బి, నీరూ కొవ్వూ రక్తమూ బయటికి ఊరుతాయి. ఇదే డయాబెటిక్ రెటినోపతి. తొలిదశలో నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, చూపూ తగ్గదు.

ముదిరితే ప్రమాదం రెండు రకాలుగా వస్తుంది. అక్షరాలు చదవడానికి, ముఖాలు పోల్చుకోవడానికి ఆధారమైన రెటీనా నడిభాగం పేరు మాక్యులా. అక్కడ నీరు చేరితే అక్షరాలు అలుక్కుపోతాయి, తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. రెండోది, నాళాలు మూసుకుపోవడం. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి మరీ పెళుసువి. చిట్లితే కంట్లో రక్తం చేరి, ఉన్నట్టుండి నల్లని మచ్చలు తేలతాయి. ఆ కొత్త నాళాలతో పాటు పెరిగే పీచు రెటీనానే లాగి ఊడదీయవచ్చు.

చూపు మసకబారితే "శుక్లమేలే" అని సరిపెట్టుకోవద్దు. షుగర్ ఉన్నవారికి శుక్లాలు త్వరగా వచ్చే మాట నిజమే, కానీ వాటి వెనుక రెటీనా ఎలా ఉందో డాక్టరే చూడాలి. షుగర్ హెచ్చుతగ్గులతో వచ్చే మసక మాత్రం తాత్కాలికం. షుగర్ నిలకడకు వచ్చాకే కళ్లజోడు మార్చుకోండి.

చక్కెర అదుపు ఎంత మేలు చేస్తుందో 1993లో వెలువడిన అమెరికా, కెనడాల డీసీసీటీ అధ్యయనం చూపింది. అప్పటికి రెటినోపతి లేని టైప్ 1 రోగుల్లో గట్టి అదుపు ఆ ముప్పును 76 శాతం తగ్గించింది. బీపీ అదుపూ అంతే ముఖ్యం.

కళ్లజోళ్ల షాపులో అక్షరాలు చదివిస్తే రెటీనా కనబడదు. చుక్కల మందు వేసి, కంటిపాపను పెద్దది చేసి చూడాలి. టైప్ 2 వారికి జబ్బు బయటపడిన వెంటనే, టైప్ 1 వారికి 5 ఏళ్లలోపు ఈ పరీక్ష జరగాలి. ఆపైన సాధారణంగా ఏటా. షుగర్ ఉన్న గర్భిణులకు మొదటి 3 నెలల్లోనే అవసరం. పరీక్ష రోజున కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఒకరిని తోడు తీసుకెళ్లండి.

చికిత్సకు లేజర్, కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు, ఆపరేషన్ ఉన్నాయి. అవి ఉన్న చూపును బాగా కాపాడతాయి. పోయిన చూపంతా తిరిగి తెస్తాయన్న హామీ లేదు. అందుకే చూపు బాగున్నప్పుడే వెళ్లండి.