మెట్లదారికీ ఓ ముడుపు

శివరాత్రి దగ్గర పడితే మా తాడిపత్రిలో "ఈసారి శ్రీశైలానికి నడిచిపోదామా?" అనే మాట వినబడుతుంది. వెంటనే ఇంట్లోవాళ్ళ మాట: "ఆడోళ్ళు ఆ అడివిలో ఎట్లా నడుస్తారు?" బస్సులు లేని రోజుల్లో మన అవ్వలు మూటలు నెత్తినబెట్టుకుని నడిచే పోయారు కదా!

ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా సాగే దారి ఇది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఘాట్‌రోడ్డు వచ్చాక దారి మీద చూపు తగ్గింది. శివరాత్రికీ, ఉగాదికీ పందిళ్ళు, నీళ్ళు ఏర్పాటు చేస్తారు. పండగ కాగానే అన్నీ సర్దేస్తారు. వానకు కదిలిన మెట్టును పట్టించుకునేదెవరు?

నేను నడిచినప్పుడు గమనించిందొకటుంది. చాటు దొరకదని చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండానే నడుస్తున్నారు. ఎండలో, కొండ మీద! కాళ్ళ నొప్పులు నాలుగు రోజుల్లో పోతాయి. ఈ అలవాటు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

తిరుమల సంగతి చూడండి. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి బాగా దెబ్బతింది. దేవస్థానం డబ్బు పెట్టి బాగుచేయించి 2022 మేలో మళ్ళీ తెరిచింది. చూసుకునేవాళ్ళు, ఖర్చు పెట్టేవాళ్ళు ఉంటే దారి బతుకుతుంది.

శ్రీశైలం దారి పులుల అడవిలో ఉంది. అక్కడ సిమెంటు పోయమనీ, కొట్లు పెట్టమనీ ఎవరూ అడగరు. జారిన రాళ్ళు సర్దాలి, నీటిగుంటల పూడిక తీయాలి, ఆడవాళ్ళకు చాటైన మరుగుదొడ్లు ఉండాలి, ప్లాస్టిక్ ఏరాలి. ఈ పని అడవి తెలిసిన చెంచు ఆడవాళ్ళకు కూలి ఇచ్చి చేయిస్తే వాళ్ళకూ ఆదరువు. దీనికి దేవస్థానం ఆదాయంలో ఏటా ఇంతని ఒక వాటా తీసిపెట్టి, అటవీశాఖతో కలిసి ఖర్చుచేయాలి.

మన వంతూ ఉంది. మా ఊరి నాపబండలు ఎన్ని గుళ్ళలోనో పరిచి ఉన్నాయి. బండ వేయించి పేరు చెక్కించుకునే దాతలకు కొదవ లేదు. ఒక నీటిగుంట బాగుచేయించడం అంతకంటే తక్కువ పుణ్యమా? ఈసారి ముడుపు కట్టేటప్పుడు దారికోసం కూడా పది రూపాయలు తీసిపెడదాం. పొదుపు సంఘంలో పదిమందీ కలిసి అర్జీ రాసి, దారికి వాటా ఎంతో అడుగుదాం. ఏమంటారు?