మాజీ సైనికుల కుటుంబాలకు ప్రభుత్వ సహాయాలు – మనం తెలుసుకోవలసినవి

ప్రతి సంవత్సరం డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. చిన్న జెండా బొమ్మను చొక్కాకు గుచ్చుకుని మనకు తోచినంత హుండీలో వేస్తాం. ఆ డబ్బు ఎవరికి చేరుతుంది? సైన్యం నుంచి వచ్చిన పేదవారికి, వారి భార్యాబిడ్డలకు చేరాలి. కానీ అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదు అన్నట్టు, దరఖాస్తు పెట్టుకోనిదే ఏ సహాయమూ ఇంటికి నడిచి రాదు.

మా దువ్వూరు మండలంలోనూ, చుట్టుపక్కల మైదుకూరు, ప్రొద్దుటూరు పల్లెల్లోనూ సిపాయిలుగా పనిచేసి వచ్చినవారు ఉన్నారు. వారిలో కొందరికి పింఛను వస్తుంది, కొందరికి రాదు. భర్త పోయిన తర్వాత ఏ ఆఫీసుకు పోవాలో తెలియని అవ్వలూ ఉన్నారు. మన వసతి గృహంలో చదువుకునే మనం వాళ్ళకు కాగితం చదివి చెప్పగలం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ వివరాలు రాస్తున్నాం.

మాజీ సైనికుడు అంటే ఎవరు?

యూనిఫారం వేసుకున్న ప్రతివారూ మాజీ సైనికులు కారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల్లో పనిచేసి పింఛనుతో వచ్చినవారు, సర్వీసు కారణంగా జబ్బుపడో గాయపడో వైద్యుల నిర్ణయం మీద బయటికి వచ్చినవారు ఈ లెక్కలోకి వస్తారు. చాలా ఏళ్ళ క్రితం వచ్చినవారికి, వచ్చిన సంవత్సరాన్ని బట్టి వేరే నిబంధనలు ఉన్నాయి. దుష్ప్రవర్తన వల్ల తొలగించబడినవారికి ఈ హోదా లేదు. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. వంటి బలగాలు కేంద్ర హోం శాఖ కిందివి కాబట్టి వారి సంక్షేమం వేరుగా చూస్తారు.

ఎక్కడికి వెళ్ళాలి?

కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మనకు మొదటి మెట్టు అదే. దాని పైన రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ, ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు ఉంటాయి. మాజీ సైనికులకు, వారి భార్యలకు గుర్తింపు కార్డులు ఇక్కడి నుంచే వస్తాయి. ముందుగా ఈ కార్యాలయంలో పేరు నమోదు కావాలి. నమోదు లేకపోతే ఏ పథకమూ ముందుకు కదలదు.

పింఛను, కుటుంబ పింఛను

సిపాయి నుంచి సుబేదార్ మేజర్ వరకు ఉన్నవారికి మామూలుగా 15 ఏళ్ళ సర్వీసు ఉంటే పింఛను వస్తుంది. ఆఫీసర్లకు 20 ఏళ్ళు ఉండాలి. పింఛనుకు లెక్కించే చివరి జీతంలో సగం పింఛనుగా ఇస్తారు. ఒకే ర్యాంకులో ఒకే కాలం పనిచేసినవారికి, ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను ఉండాలన్న ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ ఉత్తర్వు 2015 నవంబరులో వచ్చింది. దాన్ని 2014 జూలై 1 నుంచి అమలు చేశారు.

సైనికుడు చనిపోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. ఇది మూడు రకాలు. మామూలు మరణమైతే చివరి జీతంలో 30 శాతం. రిటైరైన తర్వాత చనిపోతే మొదటి ఏడేళ్ళు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండే తేదీ వరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటున ఇస్తారు. సర్వీసు కారణంగా చనిపోతే 60 శాతం. యుద్ధంలోనో శత్రువుల కాల్పుల్లోనో చనిపోతే చివరి జీతం మొత్తం పింఛనుగా వస్తుంది. వీటికి కరువు భత్యం అదనం. భార్య కూడా లేకపోతే 25 ఏళ్ళలోపు పిల్లలకు ఇస్తారు. తన కాళ్ళ మీద తాను బతకలేని వికలాంగ సంతానానికి జీవితాంతం ఇస్తారు.

పింఛన్లు ఇప్పుడు ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ విధానంలో ప్రయాగ్‌రాజ్‌లోని కార్యాలయం నుంచి నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. ఏడాదికొకసారి బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. వేలిముద్ర వేసి కామన్ సర్వీస్ సెంటర్‌లో కూడా ఇవ్వవచ్చు. ఇది మరిచిపోతే పింఛను ఆగిపోతుంది.

వైద్యం

2003 ఏప్రిల్‌లో ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం మొదలైంది. పింఛనుదారులు ర్యాంకును బట్టి ఒక్కసారి చందా కట్టి సభ్యులైతే వారికి, భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు పాలిక్లినిక్‌లోనూ, అక్కడి నుంచి పంపితే గుర్తింపు పొందిన ఆసుపత్రిలోనూ వైద్యం అందుతుంది. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవారు చందా కట్టనక్కరలేదు.

చదువులు

ఇది మన విద్యార్థులకు నేరుగా సంబంధించినది.

1. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకు వారి పిల్లలకు రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు విద్యా సహాయం ఉంది. కుటుంబంలో ఇద్దరు పిల్లల వరకు ఇస్తారు. నెలకు 1,000 రూపాయలుగా ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 చేశారు. తరగతి పాసైన తర్వాత దరఖాస్తు పెట్టాలి.

2. ఇంజనీరింగు, మెడిసిన్, బి.ఇడి. వంటి వృత్తి విద్య మొదటి సంవత్సరంలో చేరినవారికి ప్రధాన మంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్‌ వంటి అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు రావాలి. ఏడాదికి 5,500 మందికి ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకు. నెలకు ఆడపిల్లలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయలు.

3. వృత్తి విద్యా కౌన్సెలింగులో సైనికుల పిల్లలకు ‘క్యాప్’ కోటా ఉంది. విజయనగరం దగ్గర కోరుకొండ, పాత చిత్తూరు జిల్లాలోని కలికిరి సైనిక్ పాఠశాలల్లో కూడా వీరికి సీట్లు కేటాయిస్తారు. ఆరు, తొమ్మిది తరగతులకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇప్పుడు ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు.

ఇప్పటికే వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారు ఆ సంగతి దరఖాస్తులో దాచకుండా రాయాలి. రెండూ తీసుకోవచ్చా లేదా అని కార్యాలయంలో ముందే అడగాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా సైనికుని బిడ్డేనని మనం గుర్తుంచుకోవాలి. 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరంలో ఆయన జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, సైనిక పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పినవారు. ఆ తండ్రి చదువు విలువ తెలిసినవాడు కాబట్టే బిడ్డను బడి మాన్పించలేదు.

పింఛను లేనివారికి

65 ఏళ్ళు దాటి, పింఛను లేని పేద మాజీ సైనికులకు, వారి వితంతువులకు అదే నిధి నుంచి జీవితాంతం నెలవారీ సహాయం ఉంది. ఇదీ హవల్దార్, ఆ కింది ర్యాంకు వారికే. నెలకు 4,000గా ఉన్నదాన్ని 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. ఇద్దరు కూతుళ్ళ వరకు పెళ్ళికి, వితంతువు పునర్వివాహానికి ఇచ్చే సహాయం 50,000 నుంచి లక్ష రూపాయలైంది. ముసలితనంలో కూలికి పోయే మనిషికి నెలకు ఎనిమిది వేలు అంటే మందులు, తిండి రెండూ గడుస్తాయి. మన ఊళ్ళలో ఇలాంటివారు ఉన్నారేమో ముందుగా చూడాలి.

భూమి విషయం కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వం మాజీ సైనికులకు ఇచ్చిన డి.కె.టి. భూమిని పదేళ్ళ తర్వాత అమ్ముకునే హక్కు వారికి ఉంది. మామూలు డి.కె.టి. పట్టా నిబంధనలు వేరు, కానీ చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

అగ్నివీరుల సంగతి

2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. ఇప్పుడు సిపాయిగా చేరేవారు నాలుగేళ్ళకే చేరుతున్నారు. అందులో 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవానిధి ఇచ్చి పంపుతారు. పింఛను గానీ, మాజీ సైనికుని హోదా గానీ ఉండదు.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ మన రాయలసీమ బిడ్డే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా ఆయన ఊరు. ఆయన అగ్నివీరుడు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అయితే మిగతా సైనికుల కుటుంబాలకు ఉన్న పింఛను తమకు ఎందుకు లేదని ఆయన తల్లి 2025లో బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. తుపాకి గుండు అగ్నివీరుడా కాదా అని చూసి తగలదు కదా! సైన్యంలో చేరాలనుకునే మన మిత్రులు ఈ తేడా తెలుసుకుని చేరాలి.

పేరు, కాగితం

సహాయం ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గరే. సైన్యం రికార్డులో ‘సుబ్బమ్మ’ అని, ఆధార్‌లో ‘సుబ్బలక్షుమ్మ’ అని ఉంటే ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి నెలలు పడుతుంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రికార్డు ఆఫీసులో నమోదు కాకపోయినా ఇదే ఇబ్బంది. సైనికుడు బతికుండగా ఒక్క దరఖాస్తుతో సరిపోయే పని, ఆయన పోయాక భార్య ఒక్కతే మోయవలసిన బరువవుతుంది.

కాబట్టి మనం చేయగలిగినది ఇది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన వీధిలో మాజీ సైనికుల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో చూద్దాం. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, చదువు సర్టిఫికెట్లు ఒకచోట పెట్టించి, అన్నిటిలో పేర్లు ఒకేలా ఉన్నాయా అని చదివి చూద్దాం. తేడా ఉంటే ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చి, పెద్దవాళ్ళను కడప కార్యాలయానికి పంపుదాం. తోడు కావాలంటే మనలో ఒకరు వెంట పోదాం. దళారికి ఇచ్చే డబ్బు మిగులుతుంది.

దేశం కోసం వాళ్ళు కాపలా కాశారు. వాళ్ళ కాగితాలకు మనం కాపలా కాద్దాం.